పాత కారుకు యాక్సిల్ షాఫ్టు వెతకడం

వెనక చక్రాలతో నడిచే కార్లలో ఇంజను బలాన్ని చక్రం దాకా చేర్చే ఆఖరి కడ్డీ యాక్సిల్ షాఫ్టు. ప్రొపెల్లర్ షాఫ్టు తెచ్చిన తిప్పుడు బలం క్రౌను పినియన్ దగ్గర అడ్డంగా మళ్ళి, డిఫరెన్షియల్‌లో రెండు పాయలై, కుడికొకటి ఎడమకొకటి ఉన్న షాఫ్టుల మీదుగా చక్రాలకు వెళుతుంది. షాఫ్టు లోపలి కొసన స్ప్లైన్లు, అంటే నిలువుగా కోసిన పళ్ళు ఉంటాయి. అవి డిఫరెన్షియల్‌లోని పక్క గేరులో దూరి కూర్చుంటాయి. బయటి కొసన చక్రాన్ని బిగించే ఫ్లాంజి గానీ, హబ్బు ఎక్కించే టేపరు గానీ ఉంటుంది.

ఈ రెండు షాఫ్టుల్లో ఏ ఒక్కటి విరిగినా బండి ఉన్నచోటే నిలిచిపోతుంది. ఇంజను ఆడుతూనే ఉంటుంది, గేరు పడుతుంది, కింద ప్రొపెల్లర్ షాఫ్టు గిర్రున తిరుగుతుంది, కారు మాత్రం అంగుళం కదలదు. రెండో షాఫ్టు బాగానే ఉంది కదా, ఒక చక్రంతోనైనా లాగాలి కదా అనిపిస్తుంది. కానీ డిఫరెన్షియల్ రెండు వైపులకూ బలాన్ని సమానంగానే పంచుతుంది. విరిగిన వైపు ఎదురు నిలిచేదేమీ లేదు కాబట్టి అటు సున్నా, దాంతో ఇటూ సున్నా. తిరుగుడంతా విరిగిన వైపుకే పోతుంది.

విరిగిన భాగం వెతకడంలో కొత్త కారుకూ పాత కారుకూ చాలా తేడా ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేసేలా కట్టిన ఫ్యాక్టరీ అది. అక్కడ పుట్టిన సెల్టోస్ ముందు చక్రాలతో నడిచే కారు, దానికి ఈ రకం వెనక షాఫ్టే ఉండదు. దానిలో ఏ భాగం పాడైనా ఛాసిస్ నంబరు చెబితే చాలు, కంప్యూటరు ఆ భాగం నంబరు చూపిస్తుంది. అదే రహదారి మీద, లేదా హిందూపురం, ధర్మవరం వీధుల్లో, 1960ల నాటి అంబాసిడరో ఫియటో జీపో షాఫ్టు విరిగి ఆగితే ఆ వసతి లేదు. కారు చేసిన కంపెనీ ఆ పని మానేసి ఏళ్ళయింది. భాగం దొరకదని కాదు, దొరుకుతుంది. అయితే కారు పేరు పట్టుకుని వెతికితే దొరకదు, విరిగిన ముక్క కొలతలు పట్టుకుని వెతికితే దొరుకుతుంది.

షాఫ్టు మీద పడే బరువు ఎంతో ఒక లెక్కతో తెలుస్తుంది. ఇంజను 10 కిలోగ్రాం-మీటర్ల టార్కు ఇస్తుందనుకుందాం. ఫస్టు గేరు దాన్ని 3.8 రెట్లు, క్రౌను పినియన్ మరో 4.5 రెట్లు పెంచితే మొత్తం 171 అవుతుంది. చెరి సగం పంచితే ఒక్కో షాఫ్టు మీద 85 చిల్లర. మీటరు పొడవున్న గడ చివర 85 కిలోల మనిషి వేలాడుతూ కడ్డీని మెలితిప్పడమన్న మాట. ఇది మామూలుగా ఫస్టు గేరులో లాగినప్పటి సంగతి. గుంతలో దిగబడిన చక్రాన్ని పైకి తెద్దామని క్లచ్చు ఒక్కసారిగా వదిలితే పడే దెబ్బ ఇంకా పెద్దది. పైగా మెలికను తట్టుకునే శక్తి షాఫ్టు మందానికి మూడో ఘాతంలో ఉంటుంది. మందం పదో వంతు తగ్గితే బలం పదో వంతు కాదు, నాలుగో వంతుకు పైగా పోతుంది. తుప్పు తినేసిందనో బేరింగు ఆడి అరిగిందనో షాఫ్టును లేతు మీద 'కొంచెం' చెక్కించేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది.

అయినా ఒక్క దెబ్బకే విరిగే షాఫ్టులు తక్కువ. ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి అలసి విరుగుతాయి. ఈ సంగతి లోకానికి తెలిసింది కార్ల వల్ల కాదు, రైళ్ళ వల్ల. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజను ఇరుసు మ్యూడాన్ దగ్గర విరిగింది. పెట్టెలు ఒకదాని మీదికొకటి ఎక్కి మంటలు లేచాయి, 50 మందికి పైగా చనిపోయారు. అంటార్కిటికా తీరాన్ని అన్వేషించిన ఫ్రెంచి నావికుడు డ్యూమాన్ డ్యుర్విల్ భార్యాబిడ్డలతో సహా ఆ మంటల్లోనే పోయాడు. మరుసటి ఏడాది స్కాట్లండ్ ఇంజనీరు విలియం రాంకిన్ విరిగిన రైలు ఇరుసుల గురించి రాస్తూ, మందం ఒక్కసారిగా తగ్గే మూల దగ్గర సన్నని పగులు మొదలై నెమ్మదిగా లోపలికి పాకుతుందనీ, ఆ మూలను వంపుగా చెయ్యాలనీ చెప్పాడు. ఆ తర్వాత జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఇరుసుల్ని యంత్రాలకు ఎక్కించి తిప్పి తిప్పి, ఇనుము ఒక్కసారికి మోయగల బరువు కన్నా చాలా తక్కువ బరువుకే పదేపదే మోస్తే విరుగుతుందని అంకెలతో సహా తేల్చాడు. ఇవాళ లేతు మీద కొత్త షాఫ్టు చేసే టర్నరు మెట్టు దగ్గర మూలను పదునుగా వదిలేస్తే, రాంకిన్ వద్దన్న పనే మళ్ళీ చేసినట్టు.

విరిగిన ముక్కను అందుకే పారెయ్యకూడదు. విరుపు ముఖం చూస్తే కారణం తెలుస్తుంది. చాలా భాగం నున్నగా, వరసలు వరసలుగా వంపు గీతలతో ఉండి, ఒక పక్క మాత్రం గరుకుగా ఉంటే అది అలసట విరుపు. నున్నటి భాగం మెల్లగా పాకిన పగులు, గరుకు భాగం ఆఖరి క్షణంలో తెగింది. నున్నటి భాగంలో తుప్పు కనిపిస్తే పగులు చాలాకాలంగా ఉందని అర్థం. పళ్ళు తాడు పేనినట్టు మెలితిరిగి విరిగితే అది బరువు ఎక్కువై పోయింది, పదిమంది ఎక్కాల్సిన జీపులో ఇరవై మందిని ఎక్కించిన పాపం. టేపరు మీద కీ కూర్చునే గాడి మూలలోంచి పగిలితే హబ్బు నట్టు వదులుగా ఉండిపోయిందని అనుమానించాలి. ఆ కారణం సరిచెయ్యకుండా కొత్త షాఫ్టు వేస్తే అదీ అక్కడే విరుగుతుంది.

తర్వాత తెలుసుకోవాల్సింది ఇరుసు రకం. లారీల్లో చక్రం బరువును హబ్బులోని బేరింగులే మోస్తాయి, షాఫ్టుకు తిప్పడం తప్ప వేరే పని లేదు. దీన్ని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. అందుకే లారీ క్లీనరు రోడ్డు పక్కనే బోల్టులు విప్పి, చక్రం ఊడదీయకుండానే షాఫ్టును బయటికి లాగేస్తాడు. కార్లలో ఎక్కువగా ఉండేది సెమీ ఫ్లోటింగ్. అందులో షాఫ్టే తిప్పాలి, షాఫ్టే బండి బరువూ మొయ్యాలి. బయటి కొసన విరిగితే డ్రమ్ముతో సహా చక్రమే ఊడి వచ్చే ప్రమాదం ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యరకం ఇరుసులు కూడా పాత బ్రిటిష్ కార్లలో ఉన్నాయి. షాఫ్టు ఎంత నాణ్యంగా ఉండాలో, ఎక్కడ రాజీ పడకూడదో ఈ రకమే నిర్ణయిస్తుంది. లారీకి చెల్లిన పని కారుకు చెల్లదు.

కొలతల దగ్గర తొందర పడినవాళ్ళకే తిరుగుడు ఎక్కువ. మొత్తం పొడవు అందరూ కొలుస్తారు, మిగిలినవి వదిలేస్తారు. ముందు పళ్ళు లెక్కపెట్టాలి. ఒక పంటి మీద సుద్దతో గుర్తు పెట్టుకుని చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికి రావాలి, లేకపోతే ఒకటి తక్కువో ఎక్కువో వస్తుంది. పళ్ళ సంఖ్య కలిసినంత మాత్రాన సరిపోదు. కొన్నిటికి పళ్ళ పక్కలు నిటారుగా ఉంటాయి, కొన్నిటికి గేరు పళ్ళలా వంపు తిరిగి ఉంటాయి. ఒకటి రెండోదానిలో కూర్చోదు. తర్వాత పళ్ళ బయటి మందం, పళ్ళున్న భాగం పొడవు, బేరింగు కూర్చునే చోటి మందం, ఆయిల్ సీలు రుద్దుకునే చోటి మందం వెర్నియర్‌తోనో మైక్రోమీటర్‌తోనో చూడాలి. అరిగిన చోట కాక, పక్కన అరగని చోట కొలవాలి. టేపరు ఉన్న షాఫ్టుకు టేపరు పెద్ద కొస మందం, చిన్న కొస మందం, వాటి మధ్య దూరం, కీ వెడల్పు కావాలి. ఫ్లాంజి ఉన్నదానికి దాని మందం, బోల్టు రంధ్రాల సంఖ్య, రంధ్రాలన్నిటి మీదుగా పోయే వలయం వ్యాసం కావాలి. చివర నట్టు మర కూడా చూడాలి. యుద్ధానికి ముందరి బ్రిటిష్ కార్లలో బీఎస్ఎఫ్ మరలు, తర్వాతి వాటిలోనూ అమెరికన్ జీపుల్లోనూ యూఎన్ఎఫ్, ఫియట్‌లో మెట్రిక్.

విరిగిన రెండు ముక్కల్నీ కలిపి పొడవు కొలిస్తే మధ్యలో రాలిన తునకల మేర తక్కువ వస్తుంది. రెండో వైపు బాగున్న షాఫ్టును కొలుద్దామంటే అదీ మోసం చేయొచ్చు. విల్లీస్ జీపుల్లో వెనక డిఫరెన్షియల్ బండికి నడిమధ్యన కాక ఒక పక్కకు జరిగి ఉంటుంది, కుడి ఎడమ షాఫ్టుల పొడవులు వేరు. కాబట్టి హౌసింగ్ లోపలికి సన్నని కడ్డీ దూర్చి, పక్క గేరు దాకా ఉన్న దూరాన్ని కూడా సరిచూసుకోవాలి. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఇంకొకటుంది. డిఫరెన్షియల్ విప్పేట్టయితే పక్క గేరును సంచిలో వేసుకుని అంగడికి వెళ్ళడం. చూపించిన షాఫ్టును ఆ గేరులోకి చేత్తో తోస్తే సాఫీగా దిగాలి, దిగాక అటూ ఇటూ కదిపితే కటకటలాడకూడదు. ఈ పరీక్ష ముందు అంగడివాళ్ళ హామీలేవీ నిలవవు.

కొలతలు చేతికొచ్చాక కారు వంశం తెలియాలి. మన దేశంలో నడిచిన పాత కార్లలో చాలావాటికి విదేశాల్లో అన్నదమ్ములున్నారు. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన హిందుస్థాన్ 10 అసలు మోరిస్ 10. బేబీ హిందుస్థాన్ మోరిస్ మైనర్. ల్యాండ్‌మాస్టర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్, అంబాసిడర్ మూడో సిరీస్. ముంబై కుర్లాలో ప్రీమియర్ కంపెనీ 1964లో తెచ్చిన 1100 డిలైట్ ఇటలీ ఫియట్ 1100 డి. 1970లలో దాని పేరే పద్మిని అయింది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి చేసిన హెరాల్డ్ బ్రిటన్ ట్రయంఫ్ హెరాల్డ్. మహీంద్రా జీపులు అమెరికా విల్లీస్ సంతానం. మోరిస్ మైనర్‌కూ ట్రయంఫ్‌కూ బ్రిటన్‌లో, విల్లీస్‌కు అమెరికాలో, కార్ల క్లబ్బులూ కొత్తగా భాగాలు పోతపోయించి అమ్మే సంస్థలూ ఇప్పటికీ ఉన్నాయి. ఇండియాలో దొరకని షాఫ్టు అక్కడ కొత్తదే దొరకొచ్చు.

వంశం తెలిసిందని గుడ్డిగా నమ్మినా చిక్కే. హెరాల్డ్‌కు వెనక చక్రాలు దేనికది విడిగా ఊగే స్వింగ్ యాక్సిల్. అందులో షాఫ్టు చక్రాన్ని పక్కకు పోకుండా పట్టి ఉంచే పని కూడా చేస్తుంది, విరిగితే చక్రం నిలవదు. ఆ కారునే మార్పులతో 1972లో తెచ్చిన స్టాండర్డ్ గెజెల్‌కు మాత్రం మామూలు ఏకాండీ ఇరుసు పెట్టారు. రెంటినీ పక్కపక్కన పెడితే దాయాదులని తెలిసిపోతుంది, వెనక షాఫ్టులకు మాత్రం పొంతనే లేదు. జీపుల్లో బయటికి ఒకేలా కనిపించే ఇరుసుల్లో 10 పళ్ళవి ఉన్నాయి, 19 పళ్ళవి ఉన్నాయి. అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 మేలో ఆగింది. మధ్యలో మార్కులు మారాయి, డీజిల్ ఇంజను వచ్చింది, తర్వాత ఇసుజు ఇంజను వచ్చింది. 'అంబాసిడర్ షాఫ్టు కావాలి' అని అడగడం ఇంటి నంబరు లేకుండా వీధి పేరు చెప్పినట్టే. పాత పార్ట్స్ కేటలాగు దొరికితే బంగారం. అందులోని భాగం నంబరు చెబితే పాత అంగడివాళ్ళు అటక మీద నుంచి తీసిస్తారు, అదే నంబరుతో విదేశీ అమ్మకందార్లనూ అడగొచ్చు.

వెతుకులాటకు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వాళ్ళకు దగ్గరి సంత బెంగళూరు. హిందూపురం నుంచి గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. పెనుకొండ నుంచి జాతీయ రహదారి నేరుగా తీసుకుపోతుంది. ధర్మవరం జంక్షన్ నుంచి పెనుకొండ, హిందూపురాల మీదుగా రైలుంది. బెంగళూరు జేసీ రోడ్డు వాహనాల విడిభాగాలకు పేరు, శివాజీనగర్ గుజిరీ పాత సామానుకు పేరు. చెన్నైలో పుదుపేట ఉంది. ఫియట్‌కు ముంబై, అంబాసిడర్‌కు కోల్‌కతా మల్లిక్ బజార్ అడగాల్సిన చోట్లు, కార్లు పుట్టిన ఊళ్ళలోనే వాటి భాగాలు ఎక్కువగా మిగులుతాయి. ఢిల్లీ కశ్మీరీ గేటు దేనికైనా ప్రయత్నించదగ్గ చోటు. జీపువాళ్ళకు అంత బెంగ లేదు, పాత మహీంద్రా జీపుల సంఖ్యే వాళ్ళకు రక్ష.

ప్యాకింగ్ విప్పని పాత స్టాకు దొరికితే మొదటి అదృష్టం. దాని మీద పైపై తుప్పు ఉన్నా భయం లేదు, బేరింగు, సీలు కూర్చునే చోట గుంటలు పడి ఉంటేనే వదిలెయ్యాలి. రెండో దారి తుక్కుకు పోయే కారు. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదని కేంద్రం చెప్పడంతో ఆఫీసు ఆవరణల్లో మూలుగుతున్న అంబాసిడర్లు, జీపులు తుక్కు దారి పట్టాయి. తుక్కులో ఇనుము తూకానికి పోతుంది. పళ్ళ లెక్క అడిగేవాడు ముందే చేరితేనే షాఫ్టు షాఫ్టుగా మిగులుతుంది.

వాడిన షాఫ్టును కొనేముందు రెండు పరీక్షలు చేయించాలి. ఒకటి వంకర. లేతు మీద రెండు కొసలూ సెంటర్ల మధ్య పట్టించి, నడుమ డయల్ గేజి ఆనించి తిప్పితే ముల్లు ఎంత ఊగుతుందో కనిపిస్తుంది. రెండోది పగులు. షాఫ్టును కిరోసిన్‌తో, తర్వాత క్లీనర్‌తో శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు ద్రవాన్ని పూసి పది పదిహేను నిమిషాలు వదలాలి. పైన ఉన్న రంగంతా గుడ్డతో తుడిచేసి, తెల్లటి పొడి స్ప్రే చెయ్యాలి. పగులు ఉంటే అందులో ఇంకిన ఎరుపు బయటికి ఊరి, తెలుపు మీద వెంట్రుకలాంటి గీతగా తేలుతుంది. కంటికి కనపడని పగులును రెండు మూడు చిన్న డబ్బాల మందు చూపించేస్తుంది. పళ్ళ మూలాలు, మెట్ల మూలలు, కీ గాడి మూలలు ఈ మూడు చోట్లా ప్రత్యేకంగా చూడాలి. పళ్ళ మీద గోరు అడ్డంగా లాగినప్పుడు మెట్టు తగిలితే అది అరిగిన షాఫ్టు.

ఎక్కడా దొరక్కపోతే చేయించుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది డబ్బూ షాఫ్టూ రెండూ పోగొట్టుకుంటారు. లేతు పని హిందూపురంలోనే అయిపోతుంది, చిక్కంతా లేతు చెయ్యలేని పనుల్లో ఉంది. ఏ ఇనుమో ముందు తేల్చాలి. బజార్లో సులువుగా దొరికే మైల్డ్ స్టీలు ఈ పనికి పనికిరాదు, కొద్ది రోజుల్లోనే మెలితిరుగుతుంది. ఈఎన్ 8 మధ్యరకం కార్బన్ ఉక్కు, చిన్న ఇంజన్లకు సరైన ట్రీట్‌మెంటుతో నెట్టుకురావచ్చు. ఈఎన్ 19లో క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. ఈఎన్ 24లో వాటికి నికెల్ తోడవుతుంది. యాక్సిల్ షాఫ్టుకు ఈ రెండూ తగినవి. కడ్డీతో పాటు అమ్మిన చోటు నుంచి పరీక్షా పత్రం అడిగి తీసుకోవాలి, రంగు చూసి ఉక్కు రకం చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

మందంలో కొంత మిగులు ఉంచి లేతు మీద చెక్కాక కడ్డీని ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచాలి, తర్వాత మళ్ళీ మితంగా వేడి చేసి పెళుసుదనం తీసెయ్యాలి. అప్పుడు పళ్ళు కొయ్యాలి. నిటారు పళ్ళైతే డివైడింగ్ హెడ్ ఉన్న మిల్లింగ్ యంత్రం చాలు, వంపు పళ్ళకు హాబింగ్ యంత్రం, దానికి తగిన కట్టరు కావాలి. పళ్ళూ బేరింగు చోటూ పైపొర మాత్రం ఇండక్షన్‌తో గట్టిపడాలి, లోపలి గుజ్జు సాగే గుణంతోనే ఉండాలి. వేడికి షాఫ్టు వంగుతుంది గనక నిటారు చేసి, చివర గ్రైండింగ్‌తో కొలతకు తేవాలి. ఇన్ని పనులు ఒకే కప్పు కింద జరిగే చోటు అరుదు. హిందూపురం చుట్టుపక్కల తూముకుంట లాంటి పారిశ్రామికవాడలున్నా, హాబింగ్, హీట్ ట్రీట్‌మెంట్ కోసం చాలామంది చూపు బెంగళూరు పీణ్య వైపే. యంత్రం సిద్ధం చేయడానికయ్యే ఖర్చు ఒక షాఫ్టుకైనా పది షాఫ్టులకైనా ఒకటే. ఒకే రకం కారున్న నలుగురు కలిసి చేయిస్తే తలా ఒక జత చవకలో వస్తుంది.

అడ్డదార్లు రెండున్నాయి, రెండూ చెడ్డవే. విరిగిన షాఫ్టును వెల్డింగ్ చేయించడం మొదటిది. ఈ రకం ఉక్కు వెల్డింగు పక్కన పెళుసుగా మారుతుంది, అతుకు నిలిచినా దాని పక్కన విరుగుతుంది. గ్యారేజీ దాకా నెమ్మదిగా తోలుకుపోవడానికి కూడా ఇది మంచిది కాదు, సెమీ ఫ్లోటింగ్ అయితే చక్రమే పోవచ్చు. రెండోది పెద్ద బండి షాఫ్టు తెచ్చి సన్నగా చెక్కి, కొత్త పళ్ళు కోయడం. వినడానికి తెలివైన పనిలా ఉంటుంది. కానీ కంపెనీ షాఫ్టులో గట్టిదనమంతా పైన కొన్ని మిల్లీమీటర్లలోనే ఉంటుంది. లేతు మీద పోయేది ఆ పొరే. మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్ చేయిస్తేనే ఆ పనికి అర్థం, చేయించేట్టయితే కొత్త కడ్డీ తీసుకోవడమే మేలు.

షాఫ్టు వచ్చాక బిగించే ముందు హౌసింగ్ లోపలి విరిగిన ముక్కను తియ్యాలి. కొన్ని ఇరుసుల్లో రెండో వైపు షాఫ్టు లాగేసి అటునుంచి పొడవాటి కడ్డీతో తోస్తే బయటికి వచ్చేస్తుంది. మధ్యలో పిన్నో బ్లాకో అడ్డం ఉన్నవాటిలో డిఫరెన్షియల్ దించక తప్పదు. నూనె మొత్తం వదిలి, ఉక్కు రజను మిగలకుండా కడగాలి, ఒక్క తునక క్రౌను పళ్ళలో పడితే రెండో ఖర్చు మొదటిదాన్ని మించుతుంది. ఆయిల్ సీలు కొత్తది వెయ్యాలి, పాత సీలు కారితే నూనె బ్రేకు లైనర్ల మీదికి పోతుంది. క్రౌను పినియన్ హైపాయిడ్ రకమైతే 90 నంబరు ఈపీ ఆయిలే పొయ్యాలి.

టేపరు హబ్బును సుత్తితో కొట్టి ఎక్కించకూడదు, దించకూడదు, దానికి పుల్లరు ఉంది. హబ్బు టేపరు మొత్తం ఆనుతోందో లేదో నీలిరంగు పూసి చూసుకోవాలి. చుక్కలు చుక్కలుగా కాక చుట్టూరా రంగు అంటితేనే సరి. నట్టును మాన్యువల్‌లో చెప్పినంత టార్కు రెంచితో బిగించాలి. కాటరు పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి గానీ వదులు చేసి కలపకూడదు. టేపరు బేరింగులున్న జీపు ఇరుసుల్లో షాఫ్టు లోపలికీ బయటికీ ఆడే ఖాళీని షిమ్ములతో సరిచెయ్యాలి, అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క.

కారు 50 ఏళ్ళు దాటినదైతే ఒక చట్టం సంగతి కూడా ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం సొంత వాడకానికి ఉన్న అలాంటి వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలా నమోదైన కారును రోజువారీ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. షాఫ్టు మార్పిడి మరమ్మతు కిందికే వస్తుంది.

కొత్త షాఫ్టు వేసిన కారును మొదట ఖాళీగా, ఎగుడుదిగుడు లేని రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు నడిపి, ఆగి హబ్బు మీద చెయ్యి పెట్టి చూడాలి. ఒక పక్క హబ్బు రెండో దానికన్నా బాగా వేడెక్కితే బేరింగు బిగువు ఎక్కువైందని గుర్తు. డ్రమ్ము లోపలి అంచున నూనె చెమ్మ ఉందేమో చూడాలి. వంద, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక కాటరు పిన్ను తీసి నట్టు బిగువు మరోసారి సరిచూసి, కొత్త పిన్ను వెయ్యాలి.